ఆ బోర్డు మీద ‘యూస్డ్ టు’ రాసింది నేనే

సార్ పోయారన్న సంగతి పోయిన గురువారం పొద్దున టీ కొట్టు దగ్గర తెలిసింది. “ఒరే, మన ఇంగ్లీష్ సార్ పోయినాడంట, మాధవరంలో కూతురింట్లో” అన్నాడు ఆటో నడిపే స్నేహితుడు. చావు కబురు విన్నా ఏదో ఒక వెటకారం ముందు తోసుకొచ్చే నోరు నాది. ఆ రోజు రాలేదు. సార్‌కి చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మద్రాసు చూలైలో నాది బోర్డులు రాసే పని. చదువు ఎనిమిదితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు అందంగా గీస్తాను గానీ అవేం చెబుతున్నాయో తెలిసేది కాదు. మా షాపు పక్క మేడ మీద సార్ సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేవారు. లేత్ పనివాళ్లు, బట్టల కొట్లలో పనిచేసే ఆడపిల్లలు, వాళ్ల మధ్య ముప్పై దాటిన నేను. మొదటి రోజే లేచి గొప్పగా, “ఐ యూస్డ్ టు డ్రింక్ టీ డైలీ” అన్నాను.

“అయ్యో, ఎప్పుడు మానేసినావప్పా?”

“మానేదేంది సార్, ఇప్పుడే తాగొచ్చినా.”

“అట్లయితే ‘ఐ డ్రింక్ టీ’ అను, చాలు. యూస్డ్ టు అంటే తాగేవాణ్ణి, ఇప్పుడు లేదు అని. ఉండేదాన్ని పోగొట్టుకోవద్దప్పా.”

ఇక్కడ అందరం చేసే తప్పే అది. రోజూ చేసే పనికల్లా ఆ మాట తగిలిస్తాం. సార్ ఎవర్నీ తప్పు అనేవారు కాదు, ఇలా ఏమీ ఎరగనట్టు ఒక ప్రశ్న వేసేవారు. “మై ఫాదర్ యూస్డ్ టు వర్క్ ఇన్ ఎన్నూర్” అందొక అమ్మాయి. “రిటైరయినారా అమ్మా?” “లేదు సార్, డ్యూటీకి పోయుండారు.” క్లాసంతా నవ్వింది. ‘డిడ్’ వచ్చి ముందు కూర్చుంటే ‘యూస్డ్’ చివరి డీకి చోటుండదు అనేవారు. అరిగిన సుద్దముక్కలు జేబులో వేసుకుని మరిచిపోయేవారు. ఆ జేబు ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

మెట్ల కింద ఆయన బోర్డు రాసింది నేనే. ‘ఇంగ్లీష్ ఈజ్ టాట్ హియర్.’ మా బ్యాచ్ అయిపోయాక ఒక ఆదివారం ‘ఈజ్’ చెరిపి, ఆ చోట ‘యూస్డ్ టు బి’ ఇరికించాను. ఇక్కడ ఇంగ్లీష్ నేర్పేవారు. అంటే, ఇప్పుడు నేర్పరు. నలుగురు నవ్వుతారు, అంతే నా ఆలోచన.

అది కొత్త బ్యాచ్ మొదలయ్యే వారం. చేరడానికి వచ్చినవాళ్లు చదివి వెనక్కి పోయారు. నన్నడిగిన వాళ్లతో, “బోర్డులోనే ఉండాది గదా” అన్నాను కూడా. నాలుగు సాయంత్రాలు పైన ఫ్యాను తిరిగింది. సార్ ఒక్కరే కిటికీ దగ్గర కూర్చుని మెట్ల వైపు చూశారు. కింద నేను స్నేహితులకు చూపించి నవ్వాను.

రోజూ చూడకుండా దాటిపోయే బోర్డుని ఐదో రోజు ఆయన చదివి నా షాపుకొచ్చారు.

“ఎవరు రాసినారో గానీ వాక్యంలో తప్పు లేదప్పా. ‘బి’ కూడా మరవలేదు. మన క్లాసులో చదివినోడే.”

“ఎవడో పోకిరోడు సార్. నేను సరిచేసిస్తా.”

“నువ్వుండావు గాబట్టి సరిపోయింది” అని థ్యాంక్స్ చెప్పి వెళ్లారు. తెలిసే అన్నారో, తెలియకన్నారో! ఆ బ్యాచ్‌లో ముగ్గురే చేరారు. రెండేళ్లకు క్లాసు ఆపేసి మాధవరం వెళ్లిపోయారు. చెప్పేద్దామని అక్కడికి మూడుసార్లు పోయాను. మూడుసార్లూ ఏదో జోకేసి, కాఫీ తాగి వచ్చాను.

ఆ గురువారమే మాధవరం పోయి ఆయన కూతురితో అన్నాను, “అమ్మా, ఆ బోర్డు పాడుచేసింది నేనే.”

“ఏ బోర్డన్నా? నాయన ఎప్పుడూ చెప్పలేదే.”

ఇక మొదట్నించీ చెప్పాల్సి వచ్చింది, సార్‌ని పడుకోబెట్టిన ఐసుపెట్టె పక్కన నిలబడి. ‘యూస్డ్ టు బి’ దగ్గరికి వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. కళ్లనీళ్లతోనే ఆమె కూడా నవ్వింది. “భలేవాడివన్నా నువ్వు! నాయనుంటే ఆయనే ముందు నవ్వుండేవాడు.”

“కాదమ్మా. నాలుగు రోజులు ఒక్కడే కూర్చున్నాడు.”

నేను చెప్పే తీరు అలాంటిది కాబోలు, దానికీ నవ్వారు. ఐసుపెట్టె అద్దం మీద ఆవిరి పట్టింది. ఆమె నవ్వుతూనే కొంగుతో తుడిచింది. సార్ ముఖం ఒక్క క్షణం స్పష్టంగా కనిపించి, అంచుల నుంచి మెల్లగా మళ్లీ మసకబారింది.