నాలుగో సాంచ కింది సిమెంట్

నాకొక చెడ్డ గుణం ఉంది. తెలియని దేన్నయినా ముందు పనికిరాదనేస్తాను. సిరిసిల్లలో రోడ్డు వెడల్పు కోసం అక్క షెడ్డు ముందు భాగం కూల్చినప్పుడు కూడా అదే చేశాను. ఆమె నాకు చుట్టం కాదు. ఎప్పుడో కోరుట్ల నుంచి వచ్చి ఆ షెడ్డుకు స్లాబు పోసిన మేస్త్రిని నేనే. ఆ పని రోజుల్లో ఆమె పెట్టిన అన్నం తిని అక్కా అనడం అలవాటైంది. భర్త పోయాక నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆమెను బతికిస్తున్నాయి. ఇప్పుడు వాటిని వెనక్కి జరిపి కొత్త సిమెంట్ బెడ్ల మీద బోల్టులతో బిగించాలి. బెడ్డు కదిలితే సాంచ వణుకుతుంది, పోగులు తెగుతాయి, బట్ట పాడవుతుంది. ఆమెకిచ్చే పని ఇంకొకరికి పోతుంది.

జగిత్యాలలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పే ఒక మేడం అప్పటికే ఆ స్లాబు ముక్కల్ని పట్టుకుపోయింది. వాటిని పిండి చేసి, ఇసుకా కంకరా వేరు చేసి, మిగిలిన మెత్తటి పొడిని మళ్లీ కాల్చి, కొంత మామూలు సిమెంట్ కలిపి సంచుల్లో తెచ్చింది.

"సచ్చిన సిమెంట్ మల్ల లేస్తదా మేడం? గట్లయితే మా తాతను గూడ లేపుండ్రి జర," అన్నాను.

ఆమె నవ్వింది. "కొత్త సిమెంట్ కోసం సున్నపురాయిని కాలుస్తే ఆ రాయిలకెళ్లి చెడ్డ గాలి చాన వస్తది కాకా. గీ పొడిలకెళ్లి గది ఎప్పుడో పోయింది. మంట గూడ తక్కువున్నా సాలు."

"నా షెడ్డు నాకే మల్ల అక్కరకొస్తున్నది. గిదే పొయ్యు తమ్మీ," అంది అక్క.

మేడం పక్కనే నిలబడి కొలిచి ఇస్తుంటే మూడు బెడ్లు అలాగే పోశాను. నాలుగోదానికి కాంక్రీటు మాలు కలుపుతుండగా ఆమెకు ఫోన్ వచ్చి బయటికి పోయింది. అక్క చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నాకు మనసాగలేదు. ఇది నిలవకపోతే అక్క గతేమిటని ఒకటే బెంగ. ఎందుకైనా మంచిదని బండి మీద తెచ్చుకున్న కొత్త సిమెంట్ సంచి మొత్తం గుమ్మరించాను. మాలు బిరుసెక్కితే ఇంకాస్త నీళ్లు పోసి కలిపాను. ఒక్కటైనా గట్టిగా ఉంటుందిలే అనుకుని, ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలలకు అక్క ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి సాంచాలన్నీ ఆపి ఉన్నాయి. మేడం నాలుగోదాని పక్కన నేల మీద కూర్చుంది. బెడ్డు నిండా పగుళ్లు, బోల్టులు వదులు. పక్క షెడ్ల వాళ్లు కొందరు గుమ్మంలో నిలబడ్డారు. తమ స్లాబు ముక్కలు కూడా ఆమెకే ఇద్దామనుకున్నవాళ్లు.

"మేస్త్రి ముందుగాలనే చెప్పిండు గదా, సచ్చిన సిమెంట్ అని," అన్నాడొకాయన.

మేడం లేచింది. "తప్పు నాదే అక్కా. తీసేసి నాలుగూ మామూలు సిమెంట్‌తోనే పోపియ్యుండ్రి. నా రిపోర్టుల ఇది పనికిరాదని రాసేస్త."

ఆ పగుళ్లు చూడగానే నాకు తెలిసిపోయింది. సిమెంట్ తక్కువై వచ్చినవి కావవి. సిమెంటూ నీళ్లూ ఎక్కువై, ఆరేటప్పుడు ముడుచుకుని వచ్చినవి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నోరు మూసుకుంటే నా పేరు నిలుస్తుంది, పైగా ముందే చెప్పిన తెలివైనవాణ్ణవుతాను. ఆ పిల్ల కష్టం మాత్రం మట్టిలో కలుస్తుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"రాయకు బిడ్డా," అన్నాను. "నువ్వు బయటికి పోయినప్పుడు గీ నాలుగోదాంట్ల నా సిమెంట్ గుమ్మరిచ్చిన. పలిగింది నాది, నీది గాదు."

"ఎందుకు కాకా?" అని మాత్రం అడిగింది మేడం.

"అక్క ఆగమైతదని భయమైంది."

అక్క నన్ను తిట్టలేదు. మిగిలిన మూడు సాంచాల దగ్గరికి వెళ్లి స్విచ్చులు ఒక్కొక్కటే వేసింది. షెడ్డంతా టకటకమని మోగింది. ఇందాక మాట్లాడినాయన వంగి ఒక బెడ్డు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. కదలిక లేదు.

అక్క నా దగ్గరికి వచ్చి, ఆ చప్పుడులో వినపడేలా చెవి పక్కనే అంది. "నువ్వు జాలి పడని మూడూ నడుస్తున్నయి తమ్మీ."