పడవబండి పక్కన కుర్చీ

మా అత్తవారి ఊళ్లో నన్ను ఇంజనీరు గారనేవారు. నేను ఏ కాలేజీ గడపా తొక్కలేదు. విజయవాడ పటమటలో లారీలకు కమాన్లు కొట్టే షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఇనప పట్టీలను కొలిమిలో కాల్చి, వంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టగా బిగిస్తే అది కమాను. బండి బరువంతా దాని మీదే. ఆ పని నాకు బాగా వచ్చు. నలుగురిలో చెప్పుకోవడమే రాలేదు.

పెళ్లి పందిట్లో ఎవరో పెద్దాయన అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే మా మేనమామ టక్కున "ఇంజనీరండీ" అనేశాడు. ఆయన నోటికి మూత ఉండేది కాదు. కాదని చెప్పాల్సినవాణ్ణి నేను. చెప్పకపోగా, నిజం చెప్పాలంటే, ఆ పిలుపు నాకు తియ్యగానే ఉంది. తర్వాత మామగారు కూడా ఊళ్లోవాళ్ల ముందు "మా అల్లుడుగారు ఇంజనీరు" అనడం మొదలుపెట్టారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మామగారిది కృష్ణానది సముద్రంలో కలిసే వైపు ఊరు, చేపల వేట బతుకు. డెబ్బైలలో, పెళ్లయిన మొదటి వేసవికి మేమిద్దరం అక్కడికి వెళ్లాం. ఎండాకాలం కాలువలు కట్టేస్తే రేవులో పడవ బురదలో కూర్చుండిపోతుంది. దాన్ని బండి మీదికెక్కించి, ట్రాక్టరుకు తగిలించి, రోడ్డు మీదుగా ఏటికి చేర్చాలి. అందుకోసం పాత జీపు ఇరుసుతో చేయించిన పడవబండి ఒకటి వాళ్లకుండేది. ఉప్పునీళ్లలో మునిగి మునిగి దాని కమాన్లు తుప్పుపట్టిపోయాయి, ఒకటి విరిగింది కూడా. పడవ ఏటికి చేరకపోతే ఆ ఇంట్లో వేట లేదు. కొత్తవి కొనుక్కురమ్మని మామగారు కబురుపెట్టారు. నేను కొనలేదు. రెండు కట్టలూ నా చేత్తోనే కొట్టి, బోల్టులతో సహా గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేయించుకుని పోయాను.

పొరుగింటాయన వాటిని నిమిరి చూసి, "ఎవరు కొట్టారో గానీ మంచి పనోడండీ" అన్నాడు.

"బజార్లో కొన్నా" అన్నాను. కన్నబిడ్డను పట్టుకుని ఎవరి పిల్లో అన్నట్టుంది నా మాట.

మర్నాడు పొద్దున్నే నేను చొక్కా చేతులు మడుస్తుంటే మామగారు ఎదురొచ్చి ఆపారు. "అల్లుడుగారు బండి కింద దూరితే ఊరు నవ్వుద్ది బాబూ. మీరు కూర్చుని చెప్పండి, నేను చేస్తా." పాక నీడన కుర్చీ వేయించారు, చేతికి సోడా ఇప్పించారు. అరవై దాటిన మనిషి బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగారు. నేను ఇస్త్రీ ప్యాంటుతో కుర్చీలో కూర్చున్నాను. పదిమంది పోగయ్యారు.

నా భార్య వచ్చి నా లుంగీ కుర్చీ చేతి మీద వేసింది. "నాన్నకు ఈ పని అలవాటు లేదు. మీరు దిగండి" అంది మెల్లగా. అందరూ చూస్తున్నారు. "ఉండు" అన్నాను, విసుగ్గా.

ఒకవైపు కమాను ఎలాగో పడింది. రెండో వైపు, జాకీ మీద ఎత్తిన బండిని కొద్దికొద్దిగా దించితే కమాను అడుగున ఉన్న బోల్టు తల సరిగ్గా ఇరుసు మీది గుంటలో కూర్చోవాలి. కూర్చోకుండా బిగిస్తే దారిలో చక్రం వంకరపోతుంది. నాకు అక్కడినుంచి కనపడలేదు.

"కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి" అన్నాను.

అలా చూసే ముందు, జాకీ జారినా బండి కూలకుండా పక్కన దుంగ పెట్టాలి. మా షెడ్డులో అయితే నోరు తెరవకముందే నా కాలు దుంగను తోసేది. కుర్చీలో ఉన్న కాలుకు ఆ సంగతి గుర్తు రాలేదు. మెత్తటి నేలలో జాకీ ఒరిగింది, బండి దిగింది. మామగారి కుడిచేతి వేళ్లు రెండు కమానుకూ ఇరుసుకూ మధ్య పడ్డాయి.

ఆయన అరవలేదు. అరిచింది నా భార్య. ఖాళీ బండి కాబట్టి నలుగురం పట్టి ఎత్తగలిగాం. చేతికి తువ్వాలు చుడుతుంటే అది ఎర్రబడిపోతోంది. నేను ఆ ప్యాంటుతోనే కిందికి దూరాను. దుంగ పెట్టి, కమాను కూర్చోబెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"ఇంజనీరుగారికి చేతిపని కూడా వచ్చే!" అన్నారెవరో.

కాంపౌండరు దగ్గరికి బయల్దేరుతున్న మామగారు ఆ నొప్పిలోనే వెనక్కి తిరిగారు. "చదువుకున్నోళ్లయ్యా. చూస్తే చాలు, వచ్చేస్తది వాళ్లకి" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

ఆ పూట భోజనాల దగ్గర ఆయన కుడిచేతికి ఇంత కట్టు. నా భార్య అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ఆయన ఎప్పటిలా మాట్లాడుతూ, "ఆ కమాన్లు మీరు కొట్టినయ్యేగా బాబూ?" అన్నారు.

నేను కంచంలో అన్నం కెలికాను.

"సంబంధం అనుకున్నప్పుడే పటమట వచ్చా. మీ షెడ్డు ఎదర నిలబడి చాలాసేపు చూశా. ఆ పని చూశాకే పిల్లనిద్దామనుకున్నా."

"మరి ఊళ్లో ఇంజనీరని..."

"మీకు ఆ పని చెప్పుకోవడం నామోషీ అనుకున్నా బాబూ. అల్లుడికి ఇష్టంలేని మాట మేమెట్టా అంటాం?"

ఎత్తిన ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాను. ఆయన అది చూసి మా అత్తగారి వైపు తిరిగారు.

"అల్లుడుగారికి పెరుగెయ్యి" అన్నారు.