కొంగు మింగిన కారు

ధర్మవరం గోవిందప్ప కారు ఒక పట్టుచీరను అమాంతం మింగేసింది. సరే, చీరంతా కాదు, కొంగు మాత్రమే.

నేతగాడు గోవిందప్ప, కారుతో వచ్చిన, ఇంజన్‌కు గాలి అందించే మానిఫోల్డ్ గొట్టం తీసి, రేసుకార్లకు వేసే వెడల్పాటిది కొనితెచ్చాడు. భార్య పద్మజ పాతదే మేలంది. ఓడినవాళ్లు మగ్గానికి వేల పోగులు అతకాలని పందెం.

ఏది గాలి బాగా పీలుస్తుందో తేల్చడానికి రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి బిగించి, గాలి పీల్చే మూతి దగ్గర పట్టుకొంగు వేలాడదీశారు. ఇంజన్ నిదానంగా తిరుగుతుంటే పాతదానికి కొంగు ఊగింది, కొత్తదానికి కదల్లేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం కొత్తది కొంగును లోపలికి లాగేసింది.

"సూడు, నాదే గెలిచినాది!" అన్నాడు గోవిందప్ప.

"మన సందుల్లో నువ్వు తోలేది ఎద్దులబండి లెక్కనే కదబ్బా! కూచొని అతుకు," అంది పద్మజ.

ఊళ్లో ఒకాయన ఈ సంగతి అడిగితే గోవిందప్ప పోగులు అతుకుతూనే కస్సుమన్నాడు. "యాడ చీర, యాడ పందెం? కారుకు నేనేమీ మార్చలేదన్నా. అంతా అబద్ధం!"