చిన్నమ్మ కడిగేసిన మూడు నెలల దుమ్ము

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. కారణం చెప్పలేని ఆచారం ఏదీ పాటించకూడదన్నది ఒకటి. ఫిజిక్సులో నా పీహెచ్‌డీ ఆ ఏడాదైనా పూర్తవుతుందన్నది రెండోది. మొదటిదాని మీద నేను ఊరందరితో వాదనకు దిగేవాణ్ణి, రెండోదాని మీద మా గైడు నాతో దిగేవారు. సోలార్ పలకల మీద పడే దుమ్ము ఎంత వెలుతురును మింగేస్తుందో తేల్చడం నా పరిశోధన. అందుకని తిరుమణిలో మా చిన్నమ్మ మిద్దె మీద ఆరు గాజుపలకలు పెట్టి, మూడు నెలలుగా వాటికి కాపలా కాస్తున్నాను. (వానలు రాలేదని ఊరంతా వేరుశనగ చేల వైపు చూసి దిగులుపడుతుంటే, లోలోపల సంబరపడిన ప్రాణిని నేనొక్కణ్ణే.) ఈసారి కొలతలు ఇవ్వకపోతే నీ రిజిస్ట్రేషన్ నిలవదని గైడు అప్పటికే చెప్పేశారు.

ఆయుధ పూజ నాడు మూఢనమ్మకాల మీద మాట్లాడటానికి పావగడ వెళ్ళాను. కుంకుమ పెడితే ట్రాక్టరు ఎక్కువ దున్నుతుందా అని గంటసేపు గర్జించి (చప్పట్లు కూడా పడ్డాయి) తిరిగొచ్చి మిద్దె ఎక్కితే, ఆరు పలకలూ తళతళ మెరుస్తున్నాయి. ఒక్కోదానికి మూడు విభూతి పట్టెలు, నడుమ కుంకుమ, పైన బంతిపువ్వు.

"వీటిని ఎవరు కడిగినారు చిన్నమ్మా?"

"నేనేప్పా. మీ చిన్నాయన మోటరు, కొడవళ్ళు అన్నీ కడిగి పూజ చేసినాం. నీ చదువు సామాన్లకే మురికి ఉండాది. సర్ఫు నీళ్ళతో రెండుసార్లు తోమినా."

"ఆ మురికే నా చదువు. ముట్టొద్దని చెప్పినా కదా?"

"ముట్టొద్దంటివి, ఎందుకో చెప్పినావా? రోజూ వాటి చుట్టూ తిరిగేది, మేం దగ్గరికొస్తే అరిచేది. ఏదో మడి పెట్టుకొన్నావనుకొంటి. అందుకే తలకు పోసుకొనే ముట్టినా, ఏం భయం లేదు."

గడువు పొడిగించమని కోరే ఫారంలో 'ఆలస్యానికి కారణం' అన్న గడి ముందు ఒక పూటంతా కూర్చున్నాను. ఆయుధ పూజ అని రాసే ధైర్యం చాలక, 'ప్రతికూల వాతావరణం' అని రాశాను. సత్యం కోసం ఊరూరా గొంతు చించుకునేవాడు రాసిన మాట అది. గడువైతే పొడిగించారు. మళ్ళీ పలకలు పెట్టి, ఈసారి చిన్నమ్మను కూర్చోబెట్టి విషయమంతా చెప్పాను. "ఇంతేనా" అన్నదామె. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, మిరపకాయలు ఆరబోయడానికి వచ్చిన పక్కింటావిడతో ఆమె అంటుండగా విన్నాను: "ఆడ ముట్టొద్దు వదినా. దుమ్ము ఎంత ఎండ తింటాదో మావాడు కొలుస్తా ఉండాడు." ఆవిడ తలూపి, మిరపకాయలు అవతలి మూలకు జరుపుకుంది.

డాక్టరేటు వచ్చింది. గంటలకొద్దీ గర్జించిన ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. ఆ ఒక్క ముక్క ఇంట్లో ముందే చెప్పడానికి వాడికి తీరిక దొరకలేదు.