నా ఫైనల్ లెసన్‌కి చెయ్యి వేసిన ఎనిమిదో తరగతి

2023లో నేను టెక్కలిలో బి.ఎడ్. రెండో ఏడాది చదువుతుండగా, ఇంటర్న్‌షిప్‌కి భావనపాడు వైపు తీరంలో ఉన్న ఒక హైస్కూలుకి పంపారు. ఇంటర్న్‌షిప్ అంటే కాలేజీ వదిలి కొన్ని నెలలపాటు నిజమైన బడిలో, నిజమైన పిల్లలకి పాఠాలు చెప్పడం. మాది నందిగాం, జీడితోటల మధ్య పెరిగినదాన్ని. బస్సు దిగి ఇసకలో నడుస్తుంటే ఎండుచేపల వాసన ఎదురొచ్చేది. మొదటి వారం ముక్కు మూసుకున్నాను. రెండో వారం నుంచి అదే వాసనకి ఆకలి వేసేది.

అప్పటికి నా బుర్ర నిండా సినిమాలే. మా కాలేజీలో ఒక ప్రాక్టికల్ పేపరు కోసం టీచర్ల మీద తీసిన సినిమాలు చూపించి రిఫ్లెక్షన్ రాయమనేవారు. రిఫ్లెక్షన్ అంటే కథ రాయడం కాదు, చూసింది మన లోపల ఏం కదిపిందో రాయడం. నేను కథే రాసేదాన్ననుకోండి. ఆ సినిమాలన్నీ ఇంచుమించు ఒకే దారిన నడిచేవి. అల్లరి క్లాసు, కొత్త టీచరు, పుస్తకం మూసేసి ఒక మంచి మాట, అంతే, పిల్లలు మారిపోతారు. చివర్న టీచరు వెళ్ళిపోతుంటే అందరూ ఏడుస్తారు. నేనూ ఏడ్చేదాన్ని. హాయిగా ఉండేది.

అందుకే ఎనిమిదో తరగతి ఫిజికల్ సైన్స్ క్లాసులో అడుగుపెట్టిన మొదటి రోజే పుస్తకం టప్పున మూసి బల్లమీద పెట్టాను. "ఈ రోజు పుస్తకం వద్దు. మీ గురించి చెప్పండి" అన్నాను, గొంతు కాస్త బరువు చేసి. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నా ఒళ్ళు పులకరించింది. అప్పుడు ముందు బెంచీలోంచి క్లాస్ లీడర్ తాతారావు లేచాడు.

"మేడం, పుస్తకం మూసీడం అయిపోనాది కదా. ఇప్పుడు మీరు కిటికీ కాడికెల్లి అటేపు సూడాల."

"ఎందుకురా?"

"పోయినేడు వచ్చిన మేడం అలగే సూసినాది. ఆ ముందేడు సారు కూడానండి."

అసలు సంగతేమిటంటే, ఏటా మా కాలేజీ నుంచే ట్రైనీలు ఆ బడికి వెళ్తారు. అందరూ చూసింది అవే సినిమాలు. అందరూ వచ్చి అదే సీను వేశారు! పిల్లలకి డైలాగులతో సహా వచ్చేసింది. వెనక బెంచీలో నీలవేణి అనే పిల్ల ఉండేది, రెండు జడలు, పదునైన నోరు. అది లేచి చాలా సీరియస్‌గా అడిగింది. "ఎల్లిపోయినప్పుడు ఏడుత్తారేటి మేడం? ఏడిత్తే ముందే సెప్పండి, మేం కూడా తయారుగా ఉంటాం."

నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాను. మూసిన పుస్తకం మళ్ళీ తెరిచాను. ఆ రోజు నుంచి మాకు భలే స్నేహం కుదిరింది.

చివర్లో ఫైనల్ లెసన్ వచ్చింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ క్లాసులో వెనకాల కూర్చుని, మనం పాఠం చెప్పే తీరుకి మార్కులు వేస్తారు. అది పోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. నాకు అప్పటికే పెళ్ళై ఒక పాప. దాన్ని అమ్మ దగ్గర వదిలి చదువుతున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అది నిద్రపోయి ఉండేది. ఇంకో ఏడాది ఇలా అంటే నా వల్ల కాదు, ఏడుపొచ్చేస్తుంది.

ఈ మాట పిల్లల దగ్గర ఒకసారి నోరు జారి అన్నాను. అంతే! ఆ ఊళ్ళో ఒక పద్ధతుంది. ఒడ్డు నుంచి పెద్దవల లాగుతుంటే దారిన పోయేవాళ్ళు కూడా తాడుకి చెయ్యి వెయ్యాలి. వేసిన ప్రతివాళ్ళకీ పడిన చేపల్లో పాలు, అంటే వాటా, ఉంటుంది. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడితే మర్యాద కాదు. నా పరీక్ష కూడా వాళ్ళకి అలాంటి వలే అయిపోయింది. ఫైనల్ లెసన్ పాఠాన్ని ముందు రోజు ఒకసారి చెప్పి ఉంచుకోవడం ట్రైనీలందరూ చేసేదే, ఎవరూ ఒప్పుకోరంతే. నేనూ చెప్పాను. వీళ్ళు అంతటితో ఆగకుండా అన్నాల బెల్లులో చెట్టుకింద చేరి దాన్ని బట్టీ పట్టేశారు.

"మీరు గాబరా పడకండి మేడం, మేం లేమేటి? ఒడ్డుకి లాగీమా!" అన్నాడు తాతారావు.

పాఠం 'ఫలిత బలం'. ఒక వస్తువు మీద పనిచేసే బలాలన్నీ కలిపితే చివరికి మిగిలేది. టి.ఎల్.ఎం., అంటే పాఠానికి వాడే సామగ్రి, ఒక లావుపాటి తాడు. తాతారావే ఇంటి దగ్గర్నుంచి తెచ్చాడు. నెరిసిన మీసాల ఎగ్జామినర్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను తాడు చేతిలోకి తీసుకుని మొదటి ప్రశ్న మొదలుపెట్టాను. "ఈ తాడుని ఇద్దరు ఒకే వైపు..."

"బలాలు కలుత్తాయి మేడం!" క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. "ఎదురెదురుగా లాగితే తీసీయాల మేడం! సమానమైతే సున్నా మేడం!"

అడగని రెండు ప్రశ్నలకి కూడా జవాబులు వచ్చేశాయి. పాఠం అక్కడికే అయిపోయింది! ఎగ్జామినర్ గారి పెన్ను ఆగింది. "ఏమ్మా, ఈ పాఠం చెప్పడం ఎన్నోసారి?" అన్నారు. నన్ను కాపాడ్డానికి తాతారావు చటుక్కున లేచాడు.

"మొదటిసారే సార్! ఒట్టు! మాకేటీ తెలీదు సార్!"

నిండా మునిగాననుకున్నాను. లెసన్ ప్లాన్‌లో చివర రాసుకున్న మాట ఒక్కటే గుర్తొచ్చింది. "అందరికీ అర్థమైందా?" అన్నాను నీరసంగా.

"అయిందీ!" పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఆ అరుపు చల్లారాక వెనక బెంచీలో నీలవేణి లేచి నిలబడింది.

"నాకు అవలేదు మేడం."

క్లాసంతా దాని వైపు తిరిగి గుడ్లురిమింది. "ఒలే, కూకో!" అని తాతారావు పళ్ళు కొరికాడు. అది కూర్చోలేదు.

"సమానంగా లాగితే సున్నా అన్నారు కదా. మా అయ్యోళ్ళు వల లాగుతుంటే ఒక్కోసారి సముద్రం అటు లాగీసి తాడు ఇసుమంత కూడా కదల్దు. సున్నా అయితే మరి అరిసేతులెందుకు మండిపోతాయి? లాగిన బలమంతా ఏటైపోనాది?"

లెసన్ ప్లాన్‌లో ఈ ప్రశ్నకి గడి లేదు. ఏ సినిమాలోనూ ఇలాంటి ప్రశ్న నేను వినలేదు. ఎంత మంచి ప్రశ్న! నాకు ఎగ్జామినర్ గుర్తులేరు, మార్కులు గుర్తులేవు. ఆ పిల్లకి చెప్పాలి, అంతే.

"ఇలా రా. ఆడపిల్లలంతా ఇటు, మగపిల్లలంతా అటు. పట్టండి తాడు!" అన్నాను. రెండు వైపులా బిగబట్టి లాగారు. తాడు బిర్రబిగుసుకుని నిలిచిపోయింది.

"కదిలిందా?"

"లేదు మేడం!"

"చేతులు మండుతున్నాయా?"

"మండిపోతన్నాయి మేడం!"

"నీలవేణీ, మీ వైపు అందరూ ఒక్కసారి వదిలెయ్యండి!"

వదిలేశారు. మగపిల్లలందరూ ఒకరి మీద ఒకరు దబదబా వెనక్కి పడ్డారు. అందరికంటే అడుగున తాతారావు. చివరివాడు వెళ్ళి ఎగ్జామినర్ గారి మోకాళ్ళ మీద పడ్డాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఆ పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"ఓలమ్మో!" నీలవేణి గంతేసింది. "ఉన్నాది మేడం! బలం అక్కడే ఉన్నాది! మేం వదిలీసినప్పుడు కనబడినాది! సున్నా తాడుకే గాని సేతులకి కాదు!"

"అంతేనే తల్లీ! నువ్వు లాగిన బలం ఎక్కడికీ పోలేదు. అటు వాళ్ళూ అంతే లాగారు కాబట్టి తాడు దగ్గర చెల్లుకు చెల్లు" అన్నాను. నాకు కళ్ళు చెమర్చాయి. సినిమా ఏదీ లేకుండానే.

బెల్లు కొట్టాక ఎగ్జామినర్ గారు వరండాలో ఆగి, "వల్లె వేయించిన పాఠానికి నేను మార్కులు వెయ్యనమ్మా. ఆ పిల్ల లేచిన దగ్గర్నుంచి చెప్పిన పాఠానికి వేశాను" అన్నారు. పాసయ్యాను. మంచి మార్కులతోనే పాసయ్యాను. ఆ సాయంత్రం పాప మేలుకుని ఉండగానే ఇంటికి చేరి, దాన్ని ఎత్తుకుని వాకిట్లో గిరగిరా తిరిగాను.

మర్నాడు నీలవేణిని పిలిచి అడిగాను. "అందరూ అయిందన్నారు కదే. అంత పెద్దాయన ముందు కాలేదని ఎలా అనగలిగావు?"

అది నా వైపు వింతగా చూసింది. "అడిగితే మీరు తిట్టరు కదేటి మేడం. నవ్వరు కూడా. మళ్ళీ సెప్తారు. అందుకే అడిగినాను."

ఇప్పుడు పలాసలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. నేను చూసిన సినిమాల్లో పిల్లలకి అర్థమైన క్షణాన్నే గొప్పగా చూపించారు. నాకు నీలవేణి నేర్పింది దానికి ముందుండే క్షణం. అర్థం కాలేదని పదిమందిలో చెప్పడానికి ఒక పిల్లకి టీచరు మీద ఎంత నమ్మకం ఉండాలి! అందుకే 'అర్థమైందా' అని అడిగి, 'అయిందీ' అన్న అరుపు విని నేను పుస్తకం ముయ్యను, కాసేపు ఆగుతాను. కొత్త క్లాసులో కొన్నాళ్ళు ఎవరూ లేవరు. అంటే ఇంకా నన్ను చూసి జంకుతున్నారన్నమాట. మొన్న ఒక పిల్లవాడు తల గోక్కుంటూ లేచాడు, "మేడం, మొదట్నుంచీ ఏటీ అర్దం కాలేదండి" అంటూ. నాకు ఎంత ఆనందమేసిందో! బోర్డు శుభ్రంగా తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాను.