అడ్డపొగ పెట్టి మాట పోగొట్టుకున్న రోజు

2014 జూన్ 17, మంగళవారం. పొద్దుటినుంచి ఆకు కదల్లేదు. ఒళ్ళంతా జిగట. పడమట మబ్బు పట్టినట్టే పట్టి, ఊరించి పోయింది. ఆ మధ్యాహ్నం ఆమదాలవలసలో మా ఇంటి వీధరుగు మీద నాకు మాట పడిపోయింది. అలా అని అందరూ అనుకున్నారు. కాసేపటికి నేనూ అనుకున్నాను! విజయనగరంలో ఆ రోజుల్లోనే బి.ఏ. చదివినవాణ్ణి, ఇలా ఎలా జరిగిందో ఇప్పటికీ బోధపడదు. వినండి, మీకేమైనా బోధపడితే చెప్పండి.

అసలు ఇదంతా మా ఆవిడ పార్వతి దగ్గుతో మొదలైంది. రెండు నెలలు మిరియాల పాలు, కరక్కాయ అయ్యాక శ్రీకాకుళం తీసుకెళ్ళాను. డాక్టరమ్మది మా మనవరాలి వయసు. ఎక్స్‌రే చూసి, "చుట్ట అలవాటు ఎన్నేళ్ళుగా అమ్మా?" అని అడిగింది, నన్ను కాదు, మా ఆవిణ్ణి!

"నాకేటి అలవాటు తల్లీ! నలభై ఆరేళ్ళుగా ఈయన కాలుస్తన్నారు. నేను పక్కన కూకుంటన్నాను, అంతే."

"అయితే మీరూ కాలుస్తున్నట్టే. ఇలాగే సాగితే ఈ దగ్గు ఆయాసంలోకి దిగుతుంది. నాలుగు మెట్లు ఎక్కలేరు."

నాకు బెంగ పట్టుకుంది. మా ఆవిడ మెట్లు ఎక్కకపోతే డాబా మీద వడియాలు ఎవరు పెడతారు? కాదు కాదు, ఆ బెంగ తర్వాతది. ముందు బెంగ మా ఆవిడ గురించే.

కిటికీ తీస్తే చాలదా అన్నాను. చాలదంది. ఫ్యాను వేస్తే? పొగని ఇల్లంతా పంచిపెడుతుందంది. పక్క గదిలో? తలుపు కింద నుంచి వస్తుందట. "మీరు పీల్చి వదిలేది కొంతే తాతగారూ. చుట్ట మండే కొస నుంచి ఊరికే లేస్తుంది చూశారా, ఇంట్లో నిండేది ఎక్కువ అదే" అంది. మానడానికి ఒక రోజు పెట్టుకోమంది. చుట్టల డబ్బా, లైటరు కంటికి కనబడకూడదంది. కోరిక పుట్టినప్పుడు పది నిమిషాలు ఓర్చుకుని మంచినీళ్ళు తాగమంది, సోంపు నమలమంది. అప్పటికీ కాకపోతే మందులున్నాయి, రమ్మంది. ఇన్ని చెబితే నా బుర్రలో నిలిచింది ఒక్క ముక్క. మండే కొస!

మానడం సోమవారం మొదలుపెట్టాను. మొదటి రోజు మధ్యాహ్నానికే చేతులు ఏం చెయ్యాలో తెలియక, ముప్పై ఏళ్ళు రైసు మిల్లులో గుమస్తాగా పనిచేసిన చేతులు కదా, బియ్యంలో రాళ్ళు ఏరాయి. రాళ్ళు లేవు. అయినా ఏరాయి.

మర్నాడు చేపల నూకాలమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు నుంచి ఆటోలో గంప వేసుకుని వస్తుంది, అరవై దాటిన మనిషి. గంప దించి, చుట్ట వెలిగించి, మండే కొస నోట్లో పెట్టుకుని పెదాలు బిగించింది. మా వైపు దీన్ని అడ్డపొగ అంటారు. మా నాయనమ్మ కూడా అలాగే కాల్చేది. వానలో ఊడ్పులు ఊడ్చేటప్పుడు నిప్పు ఆరకుండా అదొక ఉపాయం. నూకాలమ్మ నోట్లో నిప్పుతోనే కవళ్ళ చేపలు బేరమాడుతోంది, పార్వతికి ఒక్క రూపాయి దిగకుండా.

నా బుర్రలో దీపం వెలిగింది. మండే కొస లోపలే ఉంటే ఇక పార్వతికి పొగెక్కడిది? డాక్టరమ్మకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు!

"నూకాలమ్మా, నాలిక కాలదేటే?"

"కాలినన్నాళ్ళు కాలింది బాబూ. ఇప్పుడు ఉప్పూ కారం తెల్దు. కోడలు కూరలో ఉప్పు మరిసిపోనా నేనే బాగున్నాదంటాను. అంగిట్లో తెల్లమచ్చ ఉన్నాదని కేంపులో సెప్పినారు, పెద్దాసుపత్రికి ఎల్లమన్నారు. ఎవులెల్తారు!"

ఈ జవాబు విన్నాక తెలివిగలవాడు ఏం చెయ్యాలి? నేను లోపలికి వెళ్ళి, బియ్యం డ్రమ్ము వెనక దాచిన డబ్బా తీశాను.

నూకాలమ్మ వెళ్ళాక అరుగు మీద పార్వతి పక్కనే కూర్చుని, ధైర్యంగా, చుట్ట వెలిగించి, తిరగేసి నోట్లో పెట్టాను. ఒక్క పీల్పు. బాగానే ఉంది. ఎంత గొప్ప భర్తనో అనిపించింది. అంతలో పార్వతి చేపలు తోముతూ తలెత్తకుండానే, "పులుసా, ఇగురా?" అంది.

నలభై ఆరేళ్ళ అలవాటు. అడిగితే జవాబు చెప్పాలి. "పులుసు" అనబోయాను.

నాలుక నిప్పు మీద ఆనింది. చుట్ట ఉమ్మితే ఎదురుగా చేపలు కడిగిన నీళ్ళ బకెట్లో పడి మునిగింది. కళ్ళ నీళ్ళు, మూతి ఒక పక్కకి, చేతులు గాలిలో. "తుతు... తుతు..." అంటున్నాను.

"ఓలమ్మో! ఈయనకి మూతి వంకరైపోనాది! తమ్ముడా, ఒరే అప్పలనాయుడూ!"

మా బావమరిది ఎదురింట్లోంచి పంచె సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చి, నా అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టాడు. "బావా, నా పేరేటి సెప్పు!"

"త్తత్త."

"అక్కా, పక్షవాతమే! మనిషిని గుర్తుపట్టట్లేదు!"

గుర్తుపట్టకేం, నీ పేరులో అక్షరం కాలిన నాలుకకి ఎక్కదురా అందామంటే మాట రాదు. చుట్ట సంగతి సైగ చేద్దామంటే పక్కన పార్వతి ఏడుస్తోంది, ధైర్యం రాదు. ఆటో శ్రీకాకుళం వెళ్ళేవరకూ అప్పలనాయుడు నా చెవిలో, "బావా, నీ సుట్టల డబ్బా ఎక్కడున్నాదో సెప్పు, నేను భద్రంగా సూసుకుంటాను" అంటూనే ఉన్నాడు.

డాక్టరమ్మ రెండు చేతులూ ఎత్తమంది. ఎత్తాను. నవ్వమంది. అదే కష్టమైంది. టార్చి వేసి నోట్లోకి చూసింది.

"పక్షవాతం కాదమ్మా. నాలుక మీద బొబ్బ. బూడిద కూడా ఉంది."

పార్వతి వంగి వాసన చూసింది. ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం కన్నా పక్షవాతమే నయమనిపించింది.

కాగితం అడిగి నా ఉపాయం రాసి చూపించాను. డాక్టరమ్మ చదివి తల పట్టుకుంది. "తాతగారూ, నిప్పు ఎటున్నా పొగ మీరు వదలాల్సిందే కదా! ఊపిరి బిగబట్టుకుని ఎన్నాళ్ళుంటారు? పైగా ఆ వేడి మీ అంగిట్లో పుండై కూర్చుంటుంది, అది కేన్సరు దాకా పోతుంది."

అప్పుడు నూకాలమ్మ తెల్లమచ్చ గుర్తొచ్చింది. ఆ కాగితం వెనకే అదీ రాసిచ్చాను. వెంటనే తీసుకురమ్మంది.

పది రోజులు మజ్జిగన్నం. ఎటు పెట్టుకున్నా చుట్ట మంటే. ఆ పది రోజులు దాటేసరికి చేతులు బియ్యం వదిలేశాయి. నేను మానానో, నాలుక మానిపించిందో, ఈ లెక్క నాకింకా తేలలేదు. పార్వతి దగ్గు మాత్రం తగ్గుతూ వచ్చింది, డాబా ఎక్కింది, వడియాలు పెట్టింది.

నా చుట్టల ఆస్తి పంపకాలు ఆవిడే చేసింది. డబ్బా సూదులకీ బొత్తాలకీ పోయింది. లైటరు గ్యాసుపొయ్యికి. మిగిలిన చుట్టల కట్ట నీళ్ళలో నానబెట్టి వంగమొక్కలకి పట్టిన పేనుబంకకి కొట్టింది. మళ్ళీ రమ్మని డాక్టరమ్మ నాకిచ్చిన అపాయింట్‌మెంటు చీటీ నూకాలమ్మకి దక్కింది, ఆటోలో పక్క సీటుతో సహా. మచ్చలోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు, భయం లేదన్నారు, ఇప్పుడు నూకాలమ్మ కూడా సోంపే నములుతోంది. అంత భద్రంగా చూసుకుంటానన్న అప్పలనాయుడికి ఏమీ రాలేదు.

నా వాటాకి నా మాట నాకు తిరిగొచ్చింది. కానీ పది రోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఇంట్లో అందరికీ వినే అలవాటు పోయింది.