రేగడి మీద మా ఇల్లు

మొన్నటి ముసురుకు మా అపార్ట్‌మెంటులో పడకగది తలుపు చెక్క ఉబ్బి బిగుసుకుంది. కోడలు నవ్వుతూ భుజంతో నెట్టింది. నేను మాత్రం తలుపు వంక చూడలేదు. నా చెయ్యి దానంతట అదే పక్క గోడ మీదికి పోయి, పగులు కోసం తడుముతోంది. తలుపు పట్టేస్తే ముందు గోడను చూడాలని తాండూరులో నేర్చుకున్నాను.

పుట్టిల్లు వికారాబాదు. అక్కడ నేల ఎర్రటి మొరం. మోకాలి లోతు తవ్వేసరికి గడ్డపార ఖంగుమని ఎగిరిపడేది. ఆ లోతులోనే రాళ్లు పేర్చి, మట్టితో అతికి గోడ లేపితే తరాలు నిలిచేది. మా నాయన తన ఇల్లు అట్లాగే కట్టాడు, తమ్ముళ్ల ఇళ్లూ అట్లాగే కట్టించాడు. బునాది అంటే ఆయనకు తెలిసింది అదొక్కటే. డెబ్బైల మొదట్లో నా పెళ్లయి, మా ఆయన తాండూరులో బట్టల అంగట్లో కుదిరాక, ఊరి చివర ఇల్లు మొదలుపెట్టాం. నాయనే దగ్గరుండి కట్టించాడు. పక్కింటి ముస్లిం ఆవిడను మేం చాచీ అనేవాళ్లం. ఆమె వచ్చి గుంతలోకి తొంగిచూసి, "అన్నా, ఇది నల్లరేగడి. మా ఇంటికి మనిషి లోతు తవ్విండ్రు" అన్నది. నాయన మీసం దువ్వుకుని, "ఇల్లు కడుతున్నమా, బాయి తవ్వుతున్నమా చెల్లె?" అన్నాడు. అందరం నవ్వాం. చాచీ కూడా నవ్వింది.

ఎండలు ముదిరేదాకా ఇల్లు ముచ్చటగానే ఉంది. రేగడి సంగతి నాకప్పటికి తెలియదు. వానకు నీళ్లు తాగి పొంగుతుంది, ఎండకు ముడుచుకుపోయి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. లోతు లేని బునాది దానితోపాటే లేచి, దానితోపాటే దిగుతుంది. అన్ని మూలలూ ఒక్క తీరుగా దిగితే బాధ లేదు, కానీ దిగవు. మొదట వంటింటి మూలన వెంట్రుక లాంటి గీత కనబడింది. మామిడికాయల కాలానికి అందులో చీపురుపుల్ల దూరింది. మృగశిర నాటికి నా వేలు దూరింది. పైన కప్పంతా బండలే, ఒక్కొక్కటి ఇద్దరు లేపలేని బరువు. వెల్లకిలా పడుకుని వాటిని చూస్తుంటే నాకు నిద్ర పట్టేది కాదు. మాతోనే ఉండే మా అత్తమ్మ మాత్రం, "దాని దిక్కు చూడకు బిడ్డా, నువ్వు చూస్తుంటే అది ఇంక పెద్దగయితది" అని ధైర్యం చెప్పేది. చెప్పి, తన మంచం మెల్లగా వాకిలి దగ్గరికి జరుపుకునేది. నాయన చిన్నబోతాడని ఆయనకు ఎవరమూ కబురు పెట్టలేదు.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం మా ఆయన అంగడికి పోయాక, అత్తమ్మ, ఏడాది నిండని నా బిడ్డ లోపల పడుకుని ఉంటే, తలుపు దగ్గరగా వేసి చాచీ ఇంటికి పాల తోడుకని వెళ్లాను. తిరిగొచ్చి నెడితే తలుపు కదల్లేదు, గోడ ఒరిగి చట్రం దాన్ని పట్టేసింది. లోపల మట్టి రాలుతున్న చప్పుడు, చాటలో జొన్నలు పోసినట్టు. "అత్తమ్మా!" అని అరిచాను. "తలుపు వస్తలేదు బిడ్డా, దూలం కిర్రుమంటుంది" అన్నది. ఆమె గొంతులో భయం వినడం నాకదే మొదటిసారి. ఇన్నాళ్లూ నాకు ధైర్యం చెప్పిన మనిషే అట్లా అనేసరికి చాచీ ఇంటి దిక్కు తిరిగి కేకపెట్టాను.

నా కేకకు చాచీ, ఆమె పెద్దకొడుకు పరుగెత్తుకొచ్చారు. "తలుపు గుద్దితే గోడ కూలుతది, ఆగుండ్రి" అని అతను పక్కగోడ కిటికీ చట్రం గడ్డపారతో పెకలించాడు. అత్తమ్మ ముందు బిడ్డను అందించింది. చాచీ కొంగులో చుట్టుకుంది. తర్వాత అత్తమ్మ సగం దూరి ఇరుక్కుంది, భారీ మనిషి. అతనూ నేనూ చెరో చెయ్యి పట్టి లాగాం. "నా రెక్క ఊడుతది, ఇడువుండ్రి!" అని ఆమె తిడుతుంటే, అంత భయంలోనూ చాచీ, "ఊడనియ్యి అక్కా, మళ్ల అతికిపిద్దాం" అన్నది. మేం రోడ్డెక్కామో లేదో వంటింటి మూల కుంగింది. కప్పు బండలు ఒకదాని వెనక ఒకటి జారిపడ్డాయి. బిడ్డ ఊయల వాటి కింద నుగ్గయింది.

కబురంది, మర్నాడు పొద్దున రైలుకు నాయన వచ్చాడు. కూలిన గోడ దగ్గర తడి రేగడి ముద్ద తీసి పిడికిట్లో పిసికాడు. అత్తమ్మ చాయ్ తెచ్చి, "మట్టి మోసం జేసింది అన్నా, నువ్వు జెయ్యలే. తాగు" అన్నది. ఆయన గ్లాసు గట్టు మీద పెట్టి, కూలిన మూల పక్క బునాది లోతు జానలతో కొలిచి చూశాడు.

రెండోసారి కట్టినప్పుడు గోడల పొడవునా తవ్వలేదు. మూలమూలకూ గుంతలు దింపారు, రేగడి దాటి అడుగున బండ తగిలేదాకా. ప్రతి గుంతలోకీ నాయన స్వయంగా దిగి, కొట్టి చూసి, చప్పుడు విని పైకొచ్చేవాడు. ఆ బండ మీది నుంచి స్తంభాలు లేపి, వాటిని కలుపుతూ సిమెంటు దూలం పోసి, దాని మీద గోడలు కట్టారు. నేల పొంగినా కుంగినా ఇల్లు దానితో కదలదన్నమాట.

ఇల్లు నిలిచింది. నాయన మాత్రం ప్రతి వానాకాలం వికారాబాదు నుంచి వచ్చేవాడు. గోడలన్నీ అరచేత్తో తడిమి, వాకిట్లోనే కూర్చుని, తిండి కూడా అక్కడే తిని, సాయంత్రం బండికి వెళ్లిపోయేవాడు. ఎంత బతిమాలినా ఆ కప్పు కింద నడుం వాల్చలేదు. నా బిడ్డ హైస్కూలుకు వెళ్తున్న రోజుల్లో ఒకసారి, జడివానలో నిలువెల్లా తడిసి వచ్చాడు. తల తుడుచుకుని, అన్నం తిని, ఇంటి నడుమ చాప మీద ఒరిగాడు. కాసేపటికి గురక మొదలైంది. చప్పుడు చెయ్యొద్దని అత్తమ్మ నాకు సైగ చేసింది. ఆ వాన ఎప్పుడు వెలిసిందో గుర్తులేదు గానీ, ఒక మనిషి భయం తీరడానికి ఎన్ని వానాకాలాలు పడుతుందో, ఆ గురక వింటూ గుమ్మంలో కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.